నాగావళిలో ఈకల గాలం

ట్రౌట్ చేప మన శ్రీకాకుళం నీళ్ళలో బతకదు. దానికి మంచు కరిగి పారే చల్లటి ఏరు కావాలి, రాళ్ళ మీద దూకుతూ గాలి కలుపుకున్న నీళ్ళు కావాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే మేత తగ్గించేస్తుంది, ఇంకా పెరిగితే చచ్చిపోతుంది. మన నాగావళి వేసవిలో 30 దాటుతుంది. అసలు అది మన దేశపు చేపే కాదు. బ్రిటిష్ వాళ్ళు దాని గుడ్లను ఓడల్లో తెప్పించి, కశ్మీర్‌లో, కులులో, నీలగిరుల్లో, మున్నార్ కొండల మీద ఏరుల్లో వదిలారు. అక్కడ నిలదొక్కుకుంది.

కానీ ట్రౌట్ చుట్టూ పెరిగిన, ఈకలతో కట్టిన ఎర వేసి పట్టే ఫ్లై ఫిషింగ్ అనే విద్య మన ఏటికి కూడా పనికొస్తుందని మా బావ చాలా ఏళ్ళుగా అంటున్నాడు. ఆ మాట తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

బావ అంటే చుట్టరికం కాదు. శ్రీకాకుళంలో మాది ఒకే వీధి, ఒకే బడి. వెదురు కర్రకు నైలాన్ దారం, బెండు కట్టి, పెరట్లో తవ్విన ఎర్రలు గుచ్చి, నాగావళి ఒడ్డున పరిగెలు, జెల్లలు పట్టినవాళ్ళం. తర్వాత తను సైన్యంలో చేరాడు. కశ్మీర్‌లో ఉన్నప్పుడు సెలవురోజున ఒక ముసలాయన ఏట్లో దిగి ఈకతో చేపను పిలవడం చూశాడట. ఆ రోజు నుంచి ఆ పిచ్చి వదల్లేదు. రిటైరయ్యాక హిమాచల్‌లో తీర్థన్ లోయలో ఉంటున్నాడు. సీజన్‌లో వచ్చినవాళ్ళకు గాలం వెయ్యడం నేర్పుతాడు. అక్కడ నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ పట్టకూడదు, అది గుడ్లు పెట్టే కాలం. అందుకే చలికాలం ఇంటికొస్తాడు. ఈసారి వస్తూ రెండు రాడ్లు, ఒక పెట్టె నిండా ఈకల ఎరలు తెచ్చాడు. రథసప్తమికి అరసవల్లి వచ్చిన జనం తగ్గాక మొదలుపెట్టాం.

శుక్రవారం, శ్రీకాకుళం

తెల్లవారకముందే ఏట్లోకి దిగాం. మాఘమాసంలో నాగావళి సన్నబడి, ఇసుక తిన్నెల మధ్య రెండు మూడు పాయలుగా పారుతుంది. నీళ్ళు మోకాలి దాకా, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి. మంచు వల్ల అవతలి ఒడ్డు కనపడటం లేదు.

ఈ రోజు చేపలు పట్టం, చెయ్యి తిప్పడం నేర్చుకుంటావు అన్నాడు బావ.

మనం వేసే గాలంలో బరువు ఎరలోనూ, పైన కట్టిన సీసపు గుండులోనూ ఉంటుంది. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అలా కాదు. చిన్న కొక్కేనికి కోడి ఈక, కాస్త బొచ్చు, పట్టుదారం చుట్టి పురుగును తలపించేలా కట్టినది. అరచేతిలో పెడితే ఉన్నట్టే తెలియదు. దాన్ని విసిరితే ఎక్కడికీ పోదు. అందుకని బరువును దారంలోనే పెట్టారు. లావుపాటి దారం, పైన ప్లాస్టిక్ పూత, సుమారు 27 మీటర్ల పొడవు. దాని కొసన పోనుపోను సన్నబడే నైలాన్ దారం, దాన్ని లీడర్ అంటారు. ఆ చివర ఫ్లై. రాడ్లకు అంకెలు ఉంటాయి, ఆ అంకె దారం బరువును బట్టి. ట్రౌట్‌కి 5 సరిపోతుంది. ఉప్పునీటి చేపకు 8 కావాలి. బావ రెండూ తెచ్చాడు.

దారాన్ని మొదట వెనక్కి లేపాలి. అది వెనకాల గాలిలో పూర్తిగా సాగేదాకా ఆగాలి. అప్పుడు ముందుకు తోయాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఆ ఆగడమే చేతికి రాదు. వెనక ఏం జరుగుతోందో కనపడదు కదా, తొందరపడి ముందుకు లాగేస్తాం. అప్పుడు ఎద్దులబండి తోలేవాడి చెర్నకోలలాగ దారం ఫట్‌మని మోగుతుంది, ఫ్లై తెగి ఎటో పోతుంది. బావ నా మణికట్టు పట్టుకుని, "ఇక్కడ కాదు, మోచేతి నుంచి. తల పక్కనే ఆపు. దారం బరువు నీ చేతికి తెలియాలి, అప్పుడు ముందుకెళ్ళు" అంటూ కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ నిలబెట్టి నేర్పాడు. ఎండెక్కే వేళకు ఒక్కసారి దారం ముందు చాపుకుని, లీడర్ విప్పుకుని, ఫ్లై ఇసుక మీద చప్పుడు లేకుండా వాలింది. నాకు ఒళ్ళు జలదరించింది. బరువు లేని వస్తువును అనుకున్న చోటికి పంపడంలో అంత ఆనందం ఉంటుందని అనుకోలేదు.

స్నానానికి వచ్చిన పిల్లలు చుట్టూ చేరారు. "మావా, ఎరేదీ?" అని ఒకడు అడిగాడు. బావ వాడి అరచేతిలో ఫ్లై పెట్టాడు. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది ఈగా, దోమా?" అన్నాడు. నీళ్ళలోంచి రెక్కలొచ్చి లేచే పురుగు అని బావ చెబితే, "ఉసిళ్ళకి సేపలు ఎగురుతాయి కదా, అలగా?" అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది. తొలకరి వాన పడ్డ సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్ళు లేచినప్పుడు, ఏటి మీద, చెరువు మీద చేపలు పైకి వచ్చి మింగడం ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ఫ్లై ఫిషింగ్ మొత్తం ఆ సాయంత్రం లోపలే ఉంది. ఏ పురుగు ఎప్పుడు నీటి మీద పడుతుందో తెలుసుకుని, దాన్ని పోలినది కట్టి, చేప నోటి ముందుకు నీటి వేగంతోనే పంపడం.

శనివారం, పొందూరు మీదుగా సంగాం

రాజాం వైపు వెళ్తూ దారిలో పొందూరులో ఆగుదామని నేనే అన్నాను. బావకు అక్కడ ఒకటి చూపించాలి.

పొందూరు ఖాదీ గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. పత్తి నుంచి బట్ట దాకా చేతితోనే జరుగుతుంది, నూరో నంబరు సన్నటి నూలు కూడా ఇక్కడ చరఖా మీద తీస్తారు. అయితే ఆ నూలుకు మొదటి పని ఒక చేప చేస్తుంది. గింజలతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడ మీద వరసలు వరసలుగా వెంట్రుకంత సన్నని పళ్ళు ఉంటాయి. అవి పత్తిలోని చెత్తను తీసేసి, పీచును ఒక్క దిక్కుకు చక్కబరుస్తాయి. యంత్రాలు వచ్చి ఎన్నేళ్ళయినా ఆ మెత్తదనానికి సాటి రాలేదని అక్కడివాళ్ళు అంటారు.

మేం వెళ్ళిన ఇంట్లో పెద్దావిడ అరుగు మీద కూర్చుని దువ్వుతోంది. పత్తి చిటికెడు చిటికెడుగా తీసుకుంటుంది, దవడ మీద లాగుతుంది, మబ్బు తునకంత తేలికైన పీచు వేళ్ళ మధ్య మిగులుతుంది. బావ ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుండిపోయాడు. ఫ్లైలు కట్టేవాడికి చెయ్యి చూస్తే పని తెలుస్తుంది. "అమ్మా, ఆ దవడ ఒకసారి చూడనిస్తారా?" అని అడిగి, చేతిలోకి తీసుకుని వేలి కొసతో పళ్ళ మీద రాశాడు. ఒక వైపుకి జారుతుంది, ఇంకో వైపుకి పట్టేస్తుంది. పట్టిన చేప జారిపోకుండా వాలుగకు ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. మనుషులు దాన్ని పత్తికి వాడుకున్నారు. మొదట ఈ ఉపాయం తట్టిన మనిషి ఎవరో గానీ, చేపనూ పత్తినీ రెండింటినీ దగ్గరగా చూసి ఉంటుంది.

"ఏటి బాబూ, సేపలు పడతారా?" అని ఆవిడ అడిగింది. బావ పెట్టె తెరిచి చూపించాడు. ఆవిడ ఒక్కో ఫ్లైని పట్టి చూస్తూ, దారం ముడి ఎక్కడ వేశారో అడిగింది. ఇది కట్టేవాళ్ళకే తట్టే ప్రశ్న. వచ్చేటప్పుడు దువ్విన పత్తి ఒక గుప్పెడు కొనుక్కుంటానంటే డబ్బులు వద్దంది. బావ బలవంతం చేసి ఇచ్చాడు. రంగు వెయ్యకపోయినా కొంచెం ఎరుపు తిరిగిన ఎర్రపత్తి అది. ఫ్లై ఒంటికి చుట్టడానికి కుందేలు బొచ్చు వాడతాం, ఈ పత్తి దానికంటే సన్నగా ఉంది, నీళ్ళు కూడా తాగుతుంది కాబట్టి మునిగే ఫ్లైకి సరిగ్గా సరిపోతుంది అన్నాడు. రాజాంలో మధ్యాహ్నం భోజనం అయ్యాక, హోటల్ బల్ల మీదే చిన్న బిగింపు పెట్టుకుని కట్టడం మొదలుపెట్టాడు. కొక్కెం మీద పొందూరు పత్తి, మెడ దగ్గర నాటుకోడి ఈక రెండు చుట్లు. భోజనానికి వచ్చినవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి నిలబడి చూశారు.

సాయంత్రానికి సంగాం చేరాం. వంగర మండలంలో ఉంది. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. నాగావళి, సువర్ణముఖి, వేగావతి ఇక్కడ కలుస్తాయి. బలరాముడు నాగలితో గీసి ఈ ఏటిని తెచ్చాడని, ఒడ్డు పొడవునా అయిదు చోట్ల శివుణ్ణి నిలిపాడని కథ. వాటిలో సంగమేశ్వరుడు ఒకడు, శ్రీకాకుళంలో మా కోటేశ్వరుడు ఒకడు. శివరాత్రికి ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. మేం వెళ్ళిన రోజు పూజారి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, కొన్ని మేకలు.

ఏటి దగ్గరికి వెళ్ళగానే నేను రాడ్ విప్పబోయాను. బావ ఆపాడు. "కూర్చో. ముందు చూడు" అన్నాడు.

ఆ కూర్చోవడం గురించి రాయాలి. చిన్నప్పుడు మేం ఏటిని చూసేవాళ్ళం కాదు, బెండును చూసేవాళ్ళం. బెండు మునిగిందా లేదా, అంతే. బావ నాకు నీటిని చూపించాడు. రెండు ఏళ్ళు కలిసే చోట ఒక గీత ఉంటుంది. ఒక పక్క నీళ్ళు వడిగా పోతాయి, రెండో పక్క నెమ్మదిగా. ఆ గీత మీద నురగ, ఎండుటాకులు, చచ్చిన పురుగులు వరసకట్టి పోతుంటాయి. చేప వడి నీటిలో నిలబడి కష్టపడదు. నెమ్మది నీటిలో ఉండి, పక్కన పోయే వడి నీటిలోకి మూతి చాచి మేత అందుకుంటుంది. కాబట్టి నురగ ఎక్కడ పోతోందో అక్కడే చేపకు అన్నం. పారే నీటిలో చేప ఎప్పుడూ ఎగువకు తిరిగి ఉంటుంది, కాబట్టి మనం దిగువ నుంచి, దాని వెనక నుంచి వెళ్ళాలి. రాయి ముందు కొంచెం, రాయి వెనక ఎక్కువ. ఒడ్డు కోసుకుపోయి కింద గుల్ల పడ్డ చోట పెద్దవి. ఇవన్నీ ట్రౌట్ దగ్గర నేర్చుకున్నవే. కానీ నీటి నడకకు కొండలైనా మైదానమైనా ఒకటే లెక్క.

తర్వాత నీళ్ళలో నానుతున్న ఒక కొమ్మను తిరగేశాడు. కింద చిన్న చిన్న పురుగులు, వెనక మూడు తోకలతో, పొట్టకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తూ. వీటినే తీర్థన్‌లో ట్రౌట్ ఏడాది పొడుగునా తింటుందట. నెలల తరబడి నీళ్ళలో పెరిగి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే బతుకుతాయి, ఆ రెండు రోజులూ ఏమీ తినవు, వాటికి పనిచేసే నోరే ఉండదు. ఇన్నేళ్ళు ఈ ఏటిలో స్నానాలు చేసి, ఈదులాడి, నేను వాటిని ఒక్కసారీ చూడలేదు. బావ ఒక దాన్ని వేలి మీద పెట్టుకుని, హోటల్లో కట్టిన ఫ్లైని పక్కన పెట్టాడు. రంగు కలిసింది.

పొద్దు వాలాక గీత మీద వేశాను. దారం కొస చిన్నగా ఆగినట్టనిపించింది. చెయ్యి లేపాను. వేలెడంత పరిగె, వెండి ఒంటి మీద నల్లచుక్క. ఇంకోసారి వేస్తే ఇంకోటి. పరిగెలు ఎవరైనా పడతారు, వలతో బుట్టలు నింపుతారు. కానీ ఇది ఎర లేకుండా, దుర్గంధం లేకుండా, దాని కంటికి మాత్రమే నచ్చచెప్పి పట్టిన చేప. చేతిని తడి చేసుకుని పట్టుకో, లేకపోతే ఒంటి మీద జిగురు పోయి రోగాలొస్తాయి అన్నాడు బావ. తడి చేతిలోంచే వదిలేశాను.

ఆదివారం, సంగాం

ఈ రోజు కోసమే ఎక్కువ రాయాలని ఉంది.

తెల్లవారుజామున చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. కలయికకు దిగువన ఒడ్డు కోసుకుపోయి, పైన తుమ్మచెట్టు వేళ్ళు నీటిలోకి వేలాడే చోట ఒక మడుగు ఉంది. అక్కడ నీళ్ళు నల్లగా, లోతు తెలియకుండా ఉన్నాయి. విసురువల భుజాన వేసుకుని ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. ఆయనకు ఆ ఏటి అడుగు మొత్తం కంఠతా వచ్చు. ఏ వానాకాలంలో ఏ తిన్నె కొట్టుకుపోయిందో, పైన తోటపల్లి దగ్గర నీళ్ళు కట్టాక ఇక్కడ ఎంత తగ్గిందో, మడ్డువలస గేట్లు తీసినప్పుడు సువర్ణముఖి ఏ రంగుతో వస్తుందో చెప్పుకొచ్చాడు. "ఆ మడుగులో వాలుగుంది బాబూ. వలకి సిక్కదు. వేళ్ళ కిందికి పోతాది" అన్నాడు.

బావ 8 నంబరు రాడ్ తీశాడు. లీడర్ చివర లావుపాటి నైలాన్ జానెడు కట్టాడు, ఆ పళ్ళకు సన్నది నిలవదు. ఫ్లై వేలంత పొడవు, తెల్ల ఈకలతో చిన్న చేపను పోలినది. ఒడ్డున నిలబడలేదు, నడుం లోతు నీటిలో దిగువన దిగి, అడుగు తీసి అడుగు వేస్తూ దగ్గరికి వెళ్ళాడు. వేళ్ళకు ఎగువన వేసి, నీటితోపాటే లోపలికి పోనిచ్చి, ఎడమ చేత్తో దారం కొంచెం కొంచెం లాగుతున్నాడు. పెద్దాయన, నేను ఒడ్డున. ఎవరం మాట్లాడలేదు.

సూర్యుడు తుమ్మచెట్టు దాటి వచ్చాక దారం పక్కకు కదిలింది. బావ లాగలేదు, ఒక్క క్షణం ఆగి, అప్పుడు రాడ్ లేపాడు. రాడ్ సగం దాకా వంగిపోయింది. అది వేళ్ళ వైపు పోతుంటే ఇటు తిప్పాలి, గట్టిగా తిప్పితే తెగుతుంది, వదిలితే వేళ్ళలో చిక్కుకుంటుంది. బావ నీటిలోనే పక్కకు నడుస్తూ, రాడ్‌ను నేలకు వాల్చి, దాని తలను మెల్లగా మడుగు మధ్యకు తిప్పాడు. "వొగ్గకు బాబూ, వొగ్గకు!" అని పెద్దాయన కేక. ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరికి లోతు లేని చోటికి వచ్చింది. మోచేతి పొడవుకు మించి ఉంది, బద్దలాంటి చదును ఒళ్ళు, పొడుగాటి మీసాలు, కన్ను దాటి వెనక్కి చీలిన నోరు.

బావ నోరు తెరిచి పట్టుకుని నన్ను పిలిచాడు. నిన్న ఆ అరుగు మీద చూసిన పళ్ళే. వరసలు వరసలుగా, లోపలికి వాలి. ఒక చోట నీళ్ళలో బతికి ఉన్నది, ఇంకో చోట పత్తి దువ్వుతున్నది. రెండింటి మధ్య మహా అయితే ఓ గంట దారి. నేను అలా చూస్తూ ఉండిపోయాను.

వాలుగ ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతోంది, ప్రమాదంలో పడుతున్న చేపల జాబితాలో ఉంది. ఎక్కువగా పట్టెయ్యడం, ఏళ్ళకు అడ్డుకట్టలు పడటం, నీళ్ళు పాడవడం కారణాలు. బావ దాన్ని నీటిలోనే ఉంచి, తల ఎగువకు తిప్పి, మొప్పలు ఆడేదాకా పట్టుకుని వదిలాడు. తోక ఒక్క ఊపు ఊపి మడుగులోకి పోయింది.

పెద్దాయన నమ్మలేకపోయాడు. "అంతటి సేపని వొగ్గేసినారేటి? ఇంటికాడ ఏటి సెప్తారు?" బావ, "మాది ఆట తాతా, మీది బతుకు. మీరు పట్టుకుంటే మీ ఇంటికి కూర, అందులో తప్పేం లేదు. నేను ఆట కోసం పట్టి చంపితే మాత్రం తప్పు" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, "ఇక్కడే ఉంటాది, పోదు. రేపు మా మనవడికి సూపిస్తాను" అన్నాడు. నాకూ అదే సరైన లెక్క అనిపిస్తుంది. వల వేసే మనిషికి ఆ ఏరు జీతం. సెలవుకి వచ్చిన మాకు అది కాదు. రెండింటికీ ఒకే నియమం పెట్టి, వలవాణ్ణి తప్పుపట్టే పట్నం మాటలు నాకు నచ్చవు.

ఆయన ఇంట్లో చోడి అంబలి, ఎండుచేపల కూర పెట్టారు. చలిలో తడిసి వచ్చిన ఒంటికి ఆ అంబలి పోసిన సత్తువ ఇంకేదీ ఇవ్వదు.

సోమవారం, ముఖలింగం

ఈసారి వంశధార. నరసన్నపేట మీదుగా ముఖలింగం వెళ్ళాం. మధుకేశ్వరుడి గుడి గోడల మీద శిల్పాలు చూడటానికే ఒక రోజు పెట్టాలి. తొలి గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట కూడా ఇక్కడికి దగ్గరే. మనం మాట్లాడే తెలుగులోనే రాయొచ్చని పోరాడిన మనిషి ఈ ఏటి గాలి పీల్చి పెరిగాడు. నేను ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే.

చేపల సంగతి మాత్రం ఆ రోజు బాగాలేదు. మేం దిగిన చోట ఏటిలో ఇసుక తవ్విన గోతులు. నీళ్ళు పారడం లేదు, గోతుల్లో నిలబడి ఆకుపచ్చగా మారాయి. చదవడానికి అక్కడ గీతా లేదు, నురగా లేదు, వడీ లేదు. ఇసుక పోతే నీరు పారదు, పురుగు గుడ్డు పెట్టదు, చేప ఉండదు. పైకి నడుం లోతనిపించే చోట అడుగు వేస్తే మనిషి మునిగే లోతు, ఈత రాని పిల్లలు ఇలాంటి చోట్లే పోతారు. బావ రాడ్ విప్పలేదు. ఒడ్డున కూర్చుని, ఇసుక ఎత్తినంత సులువుగా ఏరు తిరిగి రాదురా అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది.

తిరిగొస్తూ దారిలో ఒక చెరువు దగ్గర, తామరాకుల మధ్య కొర్రమీను కోసం కప్పను పోలిన ఫ్లై వేశాం. ఒకటి నీళ్ళు చీల్చుకుని వచ్చి, దగ్గరికి వచ్చాక మనసు మార్చుకుంది. కొర్రమీను వానాకాలంలో పిల్లలతో ఉంటే అస్సలు పట్టకూడదు. తల్లీ తండ్రీ రెండూ ఆ ఎర్రటి పిల్లల గుంపుకు కాపలా కాస్తాయి. వాటిని తీసేస్తే గుంపు మొత్తం ఇతర చేపల పాలు.

మంగళవారం, కళింగపట్నం

పొద్దున శాలిహుండం కొండెక్కాం. బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార, ఆ చివర సముద్రం కనిపిస్తాయి. నీళ్ళు ఎక్కడ ఎలా తిరుగుతున్నాయో పైనుంచే బావ గుర్తు పెట్టుకున్నాడు.

కళింగపట్నంలో ఏరు సముద్రంలో కలిసే చోట లెక్క మారిపోతుంది. ఇక్కడ చేప ఎప్పుడూ ఎగువకే తిరిగి నిలబడదు, పోటుపాట్లను బట్టి తిరుగుతుంది. పోటు వచ్చేటప్పుడు సముద్రపు నీటితోపాటు చిన్న చేపలు లోపలికి వస్తాయి, పాటులో బయటికి పోతాయి. ఆ మారే సమయమే మేత సమయం. తెప్ప మీద మమ్మల్ని తీసుకెళ్ళిన అన్న, పాటు మొదలై అరగంట అయ్యాక పాయ మూతి దగ్గర నిలబడమన్నాడు. ఒడ్డున కర్రలు పాతి వల కట్టిన చిన్న చోటు చూపించాడు, ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లను అందులో దాచి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారట. జనవరి నుంచి మార్చి దాకా వాటి కాలం.

8 నంబరు రాడ్ ఈసారి నా చేతికి ఇచ్చాడు. గాలి ఎదురుగా కొడుతోంది. శుక్రవారం నేర్చుకున్న ఆగడం ఇక్కడ అక్కరకొచ్చింది. దారం వెనక పూర్తిగా సాగాక తక్కువ ఎత్తులో ముందుకు తోస్తే గాలి కింద నుంచి పోయింది. నీళ్ళు దిగుతున్న పాయ అంచున వేసి లాగుతున్నాను. టప్ అని శబ్దం ముందు, బరువు తర్వాత. దారం చేతిలోంచి జారిపోయింది. చేప గాలిలోకి లేచి, తల విదిలించి, మళ్ళీ పడింది. పండుగప్ప! "రాడ్ దించు! గెంతినప్పుడు దారం వదులు చెయ్యి!" అని బావ అరుస్తున్నాడు. వేళ్ళు దారంతో కాలాయి. దాన్ని తెప్ప దగ్గరికి తెచ్చేసరికి నా కాళ్ళు వణుకుతున్నాయి. మొప్ప కప్పు అంచు కత్తిలా కోస్తుంది, అక్కడ పట్టుకోకు అని అన్న చెప్పి తనే తీశాడు. రెండు కిలోల దాకా ఉంటుంది.

ఇది వదలాలా, ఉంచాలా? పండుగప్ప చిన్నప్పుడు దాదాపు అన్నీ మగవే, పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. గుడ్లు పెట్టేవి పెద్దవే. అందుకని బాగా పెద్దది పడితే వదలాలి, మరీ చిన్నది వదలాలి, మధ్యలోది తినొచ్చు అన్నాడు బావ. ఉంచుకున్నాం. అన్న ఇంట్లో వదిన చింతపండు పులుసు పెట్టింది, తల ముక్క నాకే వేసింది. ఎవరు పట్టారో వాళ్ళకే తల అంది. ఇంత రుచి నేను తినలేదు అని మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

ఎవరికైనా ఇది చెయ్యాలనిపిస్తే కొన్ని సంగతులు. నీళ్ళు తేటపడే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జలాశయాల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది, అడగకుండా గాలం వెయ్యొద్దు. ఏట్లో కూడా ముందు అక్కడ వల వేసేవాళ్ళతో మాట్లాడండి. వాళ్ళకు తెలిసినంత ఏ ఫోన్‌కీ తెలియదు. కొక్కేనికి ముల్లు లేకుండా నొక్కేస్తే చేపకు గాయం తక్కువ. ఇసుక గోతులున్న చోట కర్రతో లోతు చూడకుండా అడుగు పెట్టొద్దు.

బావ ఆమదాలవలసలో రైలెక్కుతూ 8 నంబరు రాడ్ నా దగ్గర ఉంచేశాడు, ట్రౌట్‌కి దాని అవసరం లేదు. పొందూరు పత్తితో కట్టిన ఫ్లైలు, మిగిలిన పత్తి తనతో తీసుకెళ్ళాడు. మార్చిలో సీజన్ తెరిచాక తీర్థన్ నుంచి ఫోటో పంపాడు. రాళ్ళ మధ్య తేటనీళ్ళు, తడి చేతిలో బ్రౌన్ ట్రౌట్, ఒంటి నిండా ఎర్రచుక్కలు, మూతి మూలన ఆ ఎర్రపత్తి ఫ్లై. కింద ఒక వాయిస్ మెసేజ్. పత్తి అయిపోవచ్చింది, మళ్ళీ ఆ అమ్మ దగ్గరికే వెళ్ళి ఇంకో గుప్పెడు పంపమన్నాడు.